రోగి మంచము యొద్ద విశ్వాసము

చదువవలసిన భాగములు: ఫిలిప్పీయులకు 2:25–30; 2 తిమోతికి 4:20; మార్కు 2:1–12



మన యింటిలో ఒకరు మంచము పట్టినప్పుడు రోగికి ఒక శ్రమ, రోగి యొద్ద కూర్చున్నవారికి వేరొక శ్రమ. రాత్రివేళ తల్లియో భార్యయో దీపము దగ్గర మేలుకొని, “ఇంత ప్రార్థించితిమి గదా, ప్రభువు ఏల ఆలకింపలేదు?” అని తనలో తాననుకొనును. తెల్లవారిన తరువాత పరామర్శకు వచ్చిన వారిలో ఒకరు, “మీకు విశ్వాసము చాలదు” అని చెప్పి పోవుదురు. ఆ మాట రోగముకంటె లోతుగా గాయపరచును. కాబట్టి దీనిగూర్చి లేఖనము ఏమి నేర్పుచున్నదో ఈ మాసమున చూచెదము.

1. రోగము అవిశ్వాసమునకు గురుతు కాదు.

ఎఫెసులో పౌలు శరీరమునకు తగిలిన వస్త్రములవలన సహితము రోగులు బాగుపడిరని అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో చదువుదుము. ఆ పౌలే ఎఫెసు వాడైన త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చెను. త్రోఫిమునకు విశ్వాసము తక్కువయని అతడు వ్రాయలేదు. తన శరీరములోని ముల్లునుగూర్చి పౌలు మూడుసారులు వేడుకొనెను. ముల్లు పోలేదు గాని, దానిని భరించుటకు చాలినంత కృప దొరికెను. అపొస్తలుని విషయమే ఇట్లుండగా, పొరుగింటి రోగిని తీర్పు తీర్చుటకు మనమెవరము?

2. దుఃఖించుట విశ్వాసమును విడుచుట కాదు.

ఫిలిప్పీ సంఘము పంపిన కానుకలు తెచ్చిన ఎపఫ్రొదితు జబ్బుపడి చావు అంచువరకు వెళ్లెను. అతడు పోయినట్లయిన తన దుఃఖము ఎంత అధికమై యుండునో పౌలు దాచక వ్రాసెను. సంతోషించుడని ఆ పత్రికలోనే పదే పదే బోధించినవాడితడు! బేతనియలో మార్త, మరియలు ప్రభువు ఆలస్యమునుగూర్చి ఆయన యెదుటనే మొరపెట్టుకొనిరి. ఆయన గద్దింపలేదు, కన్నీరు విడిచెను. ప్రభువుతో మొరపెట్టుకొనువాడు ప్రభువును విడిచినవాడు కాడు.

3. ఔషధము ప్రార్థనకు విరోధి కాదు.

హిజ్కియాకు దేవుడు 15 సంవత్సరముల ఆయుష్షు వాగ్దానము చేసెను. అయినను యెషయా అంజూరపు పండ్ల ముద్దను అతని పుండుకు వేయించెను. మన ప్రాంతపు క్షయరోగమును తీసికొందము. 1912లో మిషనులు కలిసి మదనపల్లె దగ్గర ఆరోగ్యవరమున క్షయ ఆసుపత్రిని స్థాపించినప్పుడు ఆ రోగమును నిర్మూలము చేయు మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, పుష్టియైన ఆహారము, పరిచర్య ఇవే ఆధారము. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడెను. క్రమముగా మందులు పుచ్చుకొన్నవారు శానిటోరియములో ఉన్నను ఇంటియొద్ద ఉన్నను ఒకేరీతిగా బాగుపడుదురని 1956లో మద్రాసులో ఆరంభమైన పరిశోధన చూపెను. దాని ఫలితములు 1959లో ప్రచురింపబడెను. నేడు సాధారణమైన క్షయకు మందులు 6 నెలలు వాడవలెను. ప్రభుత్వ ఆసుపత్రులలో అవి ఉచితముగా ఇచ్చుదురు.

ఇక్కడ ఒక అపాయము కలదు. రెండు నెలలకు దగ్గు తగ్గగానే, “ప్రభువు స్వస్థపరచెను, ఇక మందులెందుకు?” అని కొందరు మానివేయుదురు. అప్పుడు రోగము తిరిగి వచ్చును. ముందటి మందులకు లొంగకనుపోవచ్చును. ప్రార్థించి మాత్ర ఇచ్చు చేతిని ప్రభువు దీవించును. ప్రతి ఉదయమున మరువక ఇచ్చుటయు నమ్మకత్వమే.

4. విశ్వాసము సడలినవారిని సంఘము మోయవలెను.

పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొనిరాగా, యేసు వారి విశ్వాసమును చూచెనని మార్కు వ్రాయుచున్నాడు. నడువలేనివాడు నలుగురి భుజములమీద ప్రభువు యొద్దకు వచ్చెను. మన సంఘములలోను అట్టి నలుగురు కావలెను. ఒకరు రాత్రి రోగి యొద్ద కూర్చుండవచ్చును. ఒకరు పశువులకు మేత వేయవచ్చును. ఒకరు ఆసుపత్రికి తోడుగా పోవచ్చును. ఒకరు బస్సు ఛార్జీకి సహాయము చేయవచ్చును. ప్రార్థన చిన్నదిగా చేయుడి, రోగి అలసియున్నాడు. ఎవరైనను భయముచేత తాయెత్తు కట్టించుకొనిన యెడల, వారిని సభలో నిందించుటకు ముందు, ఆ రాత్రి మనమెక్కడ ఉంటిమో అడుగుకొందము.

ఇంత చేసినను కొందరు మనలను విడిచి పోవుదురు. సమాధినుండి లేపబడిన లాజరు సహితము ఈ లోకములో నిత్యము ఉండలేదు. మన నిరీక్షణ మందు సీసాలోను లేదు, మన ప్రార్థన బలములోను లేదు. మరణమును జయించి లేచిన ప్రభువునందే యున్నది. ఆయన చేతిని మనము గట్టిగా పట్టుకొనలేని దినమున ఆయనే మన చేతిని పట్టుకొనియుండును.

గృహ ప్రార్థన కూటములలో ఆలోచించుటకు: మన ఊరిలో నేడు మంచము పట్టియున్న వారెవరు? ఈ వారము వారి మంచమునకు నాలుగు మూలలు పట్టువారెవరు?

ప్రభువు కృప మన యిండ్లలోని రోగులకును, వారి యొద్ద మేలుకొనియున్న వారికిని తోడైయుండును గాక. ఆమేన్.