చెట్టుకెంత? రోజుకెంత?

కోనసీమలో కొబ్బరి చెట్టు లేని ఊరు కనబడదు. చెట్టు నిండా కాయలుంటాయి. కాని కాయలు వాటంతట అవి రైతు ఇంటికి రావు. చెట్టెక్కి దింపేవాళ్ళు ఉండాలి. వాళ్ళనే దింపు కార్మికులు అంటారు.

దింపు కార్మికుడు కాళ్ళకు తాడు బంధం తగిలించుకుంటాడు. నడుముకు కత్తి దోపుకుంటాడు. చెట్టు పైకి వెళ్ళి ముదిరిన గెల ఏదో, లేత గెల ఏదో చూసి కోస్తాడు. ఎండు మట్టలు తీస్తాడు. లేత గెల తెగితే రైతుకు నష్టం. కాలు జారితే కార్మికుడి ప్రాణానికే ముప్పు. అందుకే ఇది ఉత్త కూలి పని కాదు. ఇది నేర్పు గల పని.

మరి ఈ పనికి సరైన కూలి ఎంత? ఇది ఒక దంపతుల కథ. ఇందులోని రేట్లు లెక్క నేర్చుకోవడానికి వేసినవి. మీ ఊరి రేటు వేరుగా ఉండవచ్చు.

నోటు పుస్తకంలో లెక్క

అంబాజీపేట దగ్గర ఒక ఊరు. అక్కడ ఒక దింపు కార్మికుడు. అతను చెట్టెక్కుతాడు. అతని భార్య కింద కాయలు ఏరి రాశి పోస్తుంది. మట్టలు ఈడ్చి గట్టున వేస్తుంది. చెట్టుకు 20 రూపాయలు ఇస్తారు. రోజుకు 40 చెట్లు ఎక్కుతాడు.

"రోజుకి ఎనిమిది వందలు! నీకేం తక్కువ?" అంటారు ఊళ్ళో వాళ్ళు. అతనూ అదే నిజమనుకున్నాడు.

అతని భార్య రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం వచ్చాయి. ఒక నెలంతా నోటు పుస్తకంలో రాసింది. నెలాఖరున దీపం దగ్గర కూర్చుని మొగుడిని పిలిచింది.

"ఇలా రావయ్యా. ఈ నెల్లో ఎన్ని రోజులు పనికెళ్ళాం?"

"రోజూ వెళ్తూనే ఉన్నాంగా!"

"లేదు. పదహారు రోజులే. వాన రోజులు తీసెయ్. నీకు నడుం నొప్పి వచ్చిన రోజులు తీసెయ్. పని దొరకని రోజులు తీసెయ్."

ఆమె రాసిన లెక్క ఇది.

ఒక రోజు కూలి: 40 చెట్లు × 20 రూపాయలు = 800 రూపాయలు
నెల కూలి: 16 రోజులు × 800 = 12,800 రూపాయలు
తాడుకు ఖర్చు: 300 రూపాయలు
కత్తి సాన పట్టినందుకు: 100 రూపాయలు
దారి ఖర్చు: 1,200 రూపాయలు
మొత్తం ఖర్చు: 1,600 రూపాయలు
మిగిలింది: 11,200 రూపాయలు

"పొయ్యి ముప్పై రోజులూ వెలగాలి కదా! పదకొండు వేల రెండు వందల్ని ముప్పైతో భాగిస్తే రోజుకి 373 రూపాయలు. ఇదీ మన ఎనిమిది వందలు!"

అతను మాట్లాడలేదు.

"ఇంకోటి చెప్పనా? ఈ డబ్బు నీ ఒక్కడిదే కాదు. పొద్దున్నించీ కింద నడుం వంచిన నా కష్టం కూడా ఇందులోనే ఉంది. దానికి లెక్క లేదు, కూలీ లేదు."

అతను పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. "నిజమేనే! ఇన్నాళ్ళూ నీ కూలి నా కూలిలో కలిపేసి చెప్పుకున్నాను" అన్నాడు.

చట్టం ఏం చెబుతుంది?

మన దేశంలో కనీస వేతనాల చట్టం 1948లో వచ్చింది. దాని స్థానంలో వేతనాల కోడ్ అనే చట్టాన్ని 2019లో చేశారు. అది 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. అందులో ముఖ్యమైన మాటలు ఇవి.

ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వకూడదు.

ముక్క పనికి, అంటే చెట్టు లెక్కన, కాయ లెక్కన చేసే పనికి కూడా కనీస వేతనం వర్తిస్తుంది.

ఒకే పనికి ఆడవాళ్ళకు ఒక కూలి, మగవాళ్ళకు ఒక కూలి ఇవ్వకూడదు.

రోజు కూలి పనికి ఆ రోజు పని ముగియగానే కూలి ఇవ్వాలి.

కూలి ఎగ్గొడితే 3 ఏళ్ళ లోపల అర్జీ పెట్టుకోవచ్చు. "ఇచ్చాను" అనే యజమాని, ఇచ్చినట్టు తానే రుజువు చూపాలి.

సుప్రీంకోర్టు 1982లో ఇంకా గట్టి మాట చెప్పింది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకుంటే అది వెట్టి చాకిరీ కిందికే వస్తుందని తీర్పు ఇచ్చింది. వెట్టిని మన రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించింది.

కనీసం వేరు, న్యాయం వేరు

కనీస కూలి అంటే అంతకు దిగకూడని గీత. అదే సరైన కూలి అనుకోరాదు.

మనిషికి ఎంత కావాలో 1957లో జరిగిన 15వ భారత కార్మిక సమావేశం లెక్క కట్టింది. పెద్ద మనిషికి రోజుకు 2,700 కేలరీల తిండి కావాలంది. కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట కావాలంది. ఇంటి అద్దె, వంట చెరకు, దీపం ఖర్చులు కూడా కలపాలంది. పిల్లల చదువు, వైద్యం, పండగలు, ముసలితనం కూడా లెక్కలోకి రావాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది.

చెట్టెక్కే వాళ్ళకు వీటి మీద మరికొన్ని చేర్చాలి. చెట్టు 60 అడుగులు ఉందనుకోండి. 40 చెట్లు ఎక్కితే 2,400 అడుగులు. అంటే అర మైలుకు కొంచెం తక్కువ. అంత ఎత్తు నిట్టనిలువునా ఎక్కాలి. మళ్ళీ దిగాలి. ఈ పని ముసలితనం దాకా చేయలేరు. వానలో చేయలేరు. పడితే ఇల్లంతా పడినట్టే. నేర్పుకు, ప్రమాదానికి, పని లేని రోజులకు కూడా కూలిలో చోటుండాలి.

కలిసి అడిగారు

మర్నాడు ఆమె ఆ పుస్తకం తోటి దింపు కుటుంబాలకు చూపించింది. ఏడు జంటలు ఒక్క మాట మీద నిలిచాయి. కాయలు కొనే వర్తకుడి దగ్గరికి వెళ్ళాయి.

"చెట్టుకి పాతిక ఇవ్వండి బాబూ. కింద పని చేసే ఆడమనిషికి కూలి విడిగా ఇవ్వండి. వానకి పని ఆగితే సగం కూలి ఇవ్వండి."

"కుదరదు. వేరే వాళ్ళని పిలిపిస్తాను" అన్నాడు వర్తకుడు.

"పిలిపించండి. ఈ లెక్క వాళ్ళకీ చూపిస్తాం" అందామె.

నాలుగు రోజులు దింపు ఆగింది. అయిదో రోజు వర్తకుడు కబురు పెట్టాడు. చెట్టుకు 23 రూపాయలకు ఒప్పుకున్నాడు. కింద పనికి కనీస వేతనం తగ్గకుండా విడిగా ఇస్తానన్నాడు. వాన రోజు కూలి మాత్రం ఒప్పుకోలేదు.

ఆమె మళ్ళీ లెక్క వేసింది. 40 చెట్లకు 920 రూపాయలు. 16 రోజులకు 14,720. ఖర్చులు పోగా 13,120. రోజుకు 437 రూపాయలు. ఇది అతని ఒక్కడి కష్టానికి. ఆమె కూలి వేరు.

"వాన సంగతి వచ్చే ఏడు అడుగుదాం" అని పుస్తకంలో రాసి పెట్టుకుంది.

కూలితో పాటు రక్ష

తడి చెట్టు ఎక్కవద్దు. కరెంటు తీగ తగులుతున్న చెట్టు ఎక్కవద్దు. తాగి ఎక్కవద్దు. పాత తాడును నమ్మవద్దు.

కొబ్బరి అభివృద్ధి మండలి 2011 నుంచి కేరళలో యంత్రంతో చెట్టెక్కడం నేర్పించింది. ఆడవాళ్ళు కూడా నేర్చుకున్నారు. చెట్టెక్కేవారి కోసం ఆ మండలికి కేర సురక్ష అనే బీమా పథకం ఉంది.

బ్యాంకు ఖాతా ఉన్నవారు ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేరవచ్చు. 18 నుంచి 70 ఏళ్ళ వారికి ఇది వర్తిస్తుంది. ఏడాదికి 20 రూపాయలు కట్టాలి. ప్రమాదంలో చనిపోతే ఇంటివాళ్ళకు 2 లక్షల రూపాయలు వస్తాయి.

కూలి విషయంలో సందేహం వస్తే కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్ళి అడగండి. మీ పనికి ఇప్పుడున్న కనీస వేతనం ఎంతో రాయించుకోండి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో చెట్టుకు ఎంత ఇస్తున్నారు? పోయిన ఏడు ఎంత ఇచ్చారు?
2. మీ ఇంట్లో ఎవరి కష్టం లెక్కలోకి రావడం లేదు?
3. నెలలో పని ఉన్న రోజులు, లేని రోజులు రాయండి. ఖర్చులు తీసివేయండి. మిగిలిన దాన్ని 30తో భాగించండి. మీ అసలు రోజు కూలి ఎంత?