ఒక రాత్రి పడకయా, ఒక యింటి తాళపుచెవియా?

విద్యార్థులారా! ఇల్లులేనివారికి మన మేమి చేయవలెనని యెవరైన నడిగినయెడల, మనలో ననేకులు “సత్రము కట్టవలెను” అని తక్షణమే ప్రత్యుత్తరమిత్తురు. చలిరాత్రి వీధిలో పండుకొన్నవానికి సత్రమందలి పడక ప్రాణమును నిలుపును, దానిని తృణీకరింపరాదు. అయితే తెల్లవారిన పిమ్మట ఆ మనుష్యు డెచ్చటికి పోవును? ఈ ప్రశ్నకు ఫిన్లాండు దేశమువారు కనుగొనిన యుత్తరమును ఈ పాఠమునందు విచారింతము.

ఫిన్లాండు యూరపు ఖండమున ఉత్తరభాగమందున్నది. హెల్సింకీ దాని ముఖ్యపట్టణము. శీతకాలమున నచ్చటి సముద్రతీరము సైతము గడ్డకట్టుచుండును. అట్టి దేశమున 1987వ సంవత్సరమున సుమారు 18,000 మంది యిల్లులేనివారుగా లెక్కింపబడిరి. వీధులలో నున్నవారినేగాక, గతిలేక బంధుమిత్రుల యిండ్లలో తలదాచుకొనువారిని గూడ వారు లెక్కలో చేర్చిరని గమనింపవలెను.

పూర్వము అనేక దేశములందు వాడుకలోనున్నది మెట్ల పద్ధతి. మొదట వసతిశాలలో పడక. త్రాగుడు మాని, వైద్యము చేయించుకొని, సత్ప్రవర్తన చూపినచో మరియొక గది. అన్ని మెట్లు నెక్కినవానికి కడపట ఇల్లు. ఇది న్యాయముగనే తోచును. కాని యోచింపుడు. తలుపు గడియ వేసికొని నిద్రించుటకు చోటు లేనివాడు, వస్తువులు దాచుకొనుటకు పెట్టె లేనివాడు, ఉత్తరము వచ్చుటకు చిరునామా లేనివాడు పని వెదకుట యెట్లు? దురభ్యాసమును జయించుట యెట్లు? ఒక మెట్టున కాలుజారినవాడు మరల క్రిందికే వచ్చుచుండెను.

1992లో న్యూయార్కు నగరమున సామ్ సెంబెరిస్ అను మనశ్శాస్త్రవేత్త ఈ వరుసను తలక్రిందులు చేసెను. ముందు ఇల్లు, పిమ్మట కోరినంత సహాయము అనునది ఆయన నియమము. 2000లో ప్రచురింపబడిన పరిశోధన ప్రకారము, ఐదు సంవత్సరముల పిమ్మట ఈ పద్ధతివలన ఇల్లు పొందినవారిలో నూటికి 88 మంది యిండ్లలో నిలిచియుండిరి. మెట్ల పద్ధతిలో నిలిచినవారు నూటికి 47 మంది మాత్రమే.

ఫిన్లాండు ప్రభుత్వము 2008లో ఈ సూత్రమును దేశమంతటికిని చేపట్టెను. అచ్చటి వై ఫౌండేషన్ అను సంస్థ 1985లోనే స్థాపింపబడి, సామాన్యజనులు నివసించు భవనములలో ఇండ్లు కొని, ఇల్లులేనివారికి అద్దెకిచ్చుచుండెను. అంతకంటె నాశ్చర్యకరమైనది మరియొకటి గలదు. హెల్సింకీలో సాల్వేషన్ ఆర్మీ యనబడు రక్షణసైన్యమువారికి 200కు పైగా పడకలుగల వసతిశాల యొకటి యుండెను. వారు దానిని మార్పించి 81 ప్రత్యేక నివాసములుగా జేసిరి. 2012 నాటికి ఆ పని ముగిసెను. పడకల సంఖ్య తగ్గెను, తాళపుచెవులు పెరిగెను.

ఈ యిండ్లు భిక్ష కావు. నివసించువాడు తన పేర అద్దెపత్రము వ్రాసికొని అద్దె చెల్లించును. చాలనిదానికి ప్రభుత్వము గృహభత్య మిచ్చును. వైద్యమునకు, ఉద్యోగమునకు, బాకీల పరిష్కారమునకు తోడ్పడువారు సమీపముననే యుందురు. మరియు, అద్దె బాకీపడి ఇల్లు కోల్పోవు స్థితిలో నున్నవారి యొద్దకు సలహాదారులు ముందుగనే వెళ్లి, యజమానితో మాట్లాడి, బాకీని వాయిదాలపై తీర్చు మార్గమును చూతురు. ఇల్లు పోయిన పిమ్మట సత్రము చూపుటకంటె, ఇల్లు పోకుండ కాపాడుట సులభము గదా!

ఫలితమేమి? 2008 మొదలు 2015 వరకు దీర్ఘకాలముగా ఇల్లులేనివారి సంఖ్య మూడవ వంతుకు పైగా తగ్గెను. 2023లో ఇల్లులేనివారందరును కలిసి 3,429 మంది మాత్రమే. అయితే 2024లో ప్రభుత్వము గృహభత్యమును తగ్గించెను. ఆ యేటి లెక్కలో ఆ సంఖ్య 3,806కు పెరిగెను. ఒకసారి నాటిన చెట్టునకు నీరు పోయుట మానరాదని దీనివలన తెలియుచున్నది.

మన దేశమున 2011 జనాభా లెక్కలలో 17 లక్షల 70 వేలకు పైగా ఇల్లులేనివారు లెక్కింపబడిరి. ఫిన్లాండువలె వారందరికి ఇండ్లు కట్టించుట పాఠశాల విద్యార్థులమగు మనవలన నగునది కాదు. కాని వారి యొద్ద నుండి ఒక ప్రశ్నను నేర్చుకొనవచ్చును. ఆశ్రయము కోరివచ్చినవానిని చూచి “ఈ రాత్రి యెక్కడ పండుకొందువు?” అని మాత్రమే యడుగక, “మీ రేల యిల్లు విడువవలసి వచ్చినది? తిరిగి పోగల యిల్లున్నదా? చెల్లింపవలసిన బాకీ యెంత? మాటసహాయము చేయగల బంధువు లున్నారా?” అని గౌరవముతో నడుగుదము. పది రూపాయల దానముకంటె పది నిమిషముల విచారణ యొక్కొక్కసారి యెక్కువ మేలు చేయును. కొందరికి ఒక ఉత్తరము వ్రాసిపెట్టుట చాలును. కొందరికి యజమానితో ఒక మాట చాలును.

పడక రాత్రిని గడపును. ఇల్లు బ్రదుకును నిలుపును. ఈ భేదమును మనస్సున నుంచుకొనుడు.