పరిశోధక వేతనములును, మన పైరులును

గత మాసమున జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశమున ఒక చిన్న ప్రశ్న పెద్ద చర్చగా మారినది. మన సభ్యులలో ఒకరి కుమార్తె వ్యవసాయ కళాశాలలో పట్టము పొంది, పైచదువునకై పరిశోధక వేతనము సంపాదించుకొన్నది. వేతనపు తొలి వాయిదా చేతికందువరకు బసకును ప్రయాణమునకును అగు ఖర్చును సంఘపు విద్యానిధి నుండి బదులుగా ఇప్పింపవలెనని తండ్రి కోరిరి. అమ్మాయి చదువబోవు విషయమేమని ఒక వృద్ధ సభ్యులు అడిగిరి. టమాటా వేళ్లను పట్టు నులిపురుగులను గూర్చి యని తండ్రి చెప్పిరి. "అయినచో వానిని చంపు మందు కనిపెట్టునా?" అని వారు మరల అడిగిరి. "మందు కాదండీ. ఆ పురుగు కొన్ని మొక్కల వేళ్లను ఎందువలన ముట్టదో చూచునట" అని ఈయన బదులు చెప్పిరి. సభలో పలువురు నవ్విరి. తీర్మానము వచ్చు సభకు వాయిదా పడినది.

నవ్వినవారిని మేము తప్పు పట్టము. ఎరువుల బాకీ తీర్పవలసిన గడువు దగ్గర పడుచుండగా, పురుగు దేనిని తినదో తెలిసికొనుటకు డబ్బేల యని రైతు అడుగుట సహజము. అయితే ఆ ప్రశ్నకు ఆ దినమున తగిన సమాధానము చెప్పినవారు లేకపోయిరి. మేమును అక్కడ నుండి మాటాడక ఊరకుంటిమి. ఆ లోపము తీర్చుకొనుటకే ఈ పాఠము వ్రాయుచున్నాము.

మొదట ఫెలోషిప్పు అనగా నేమో చెప్పవలెను. ఇది అప్పు కాదు, ఉద్యోగపు జీతము కాదు. ఒక విషయమును శోధింపగల శక్తి గలదని పరీక్ష వలనను, పెద్దల విచారణ వలనను తేలిన యువకునికో యువతికో, కొన్ని సంవత్సరములపాటు తిండికి వెదుకులాడ నక్కరలేకుండ ఇచ్చు భరణము. కూలికి అరక కట్టినవానిని సాయంకాలము ఎన్ని సాళ్లు దున్నితివని అడుగవచ్చును. ఈ భరణము పుచ్చుకొన్నవానిని అట్లడుగుటకు వీలులేదు. అతడు మోయునది ఒక ప్రశ్న. దానికి జవాబు రావచ్చును, రాకపోవచ్చును. మన దేశమున భారత వ్యవసాయ పరిశోధనా మండలి మున్నగు సంస్థలు పోటీ పరీక్షల వలన ఎన్నుకొని ఇట్టి వేతనము లిచ్చుచున్నవి. దాతలు నెలకొల్పిన నిధులును ప్రపంచమున ననేకము కలవు.

ఇట్టి వేతనము పొందినవారు పడుచుదనమున ఏమి చదివిరో, అది చివరకు ఎక్కడ తేలెనో చూతము.

మంకొంబు సాంబశివన్ స్వామినాథన్ గారు 1925వ సంవత్సరమున కుంభకోణమున జన్మించిరి. తండ్రి వైద్యులు. కుమారుడును వైద్యుడు కావలెనని ఇంటివారి కోరిక. 1943లో వంగదేశమున కరవు వచ్చి లక్షలాది జనులు మరణించుట విని, వీరు మనసు మార్చుకొని కోయంబత్తూరు వ్యవసాయ కళాశాలలో చేరిరి. పిదప ఢిల్లీలో మొక్కల వంశశాస్త్రము చదువుచుండగా పోలీసు శాఖలో పెద్ద యుద్యోగమునకు ఎన్నికైరి. అదే కాలమున యునెస్కో వారి ఫెలోషిప్పును లభించెను. పోలీసు ఉద్యోగమును వదలి, బంగాళాదుంపను గూర్చి పరిశోధించుటకు 1949లో హాలండు దేశమున వాగెనింగెన్ పట్టణమునకు పోయిరి. మన పల్లెలలో ఏ తండ్రియైన ఈ పనిని మెచ్చుకొనునా? అధికారపు టోపీని కాదని దుంపలవెంట పోవువానిని పిచ్చివాడనియే అందుము.

ఆనాడు హాలండు రైతులకు కలిగిన కష్టమేమి? రెండవ ప్రపంచ యుద్ధకాలమున తిండికి కటకట యేర్పడెను. బంగాళాదుంపకు గిరాకి హెచ్చి, పూర్వమునుండి వచ్చు పైరుల మార్పిడిని మాని, రైతులు అదే చేలలో మరల మరల దుంపయే వేసిరి. నేలలో బంగారు నులిపురుగు ప్రబలెను. సముద్రమునుండి గట్లు కట్టి సంపాదించుకొన్న భూములలో సైతము అది వ్యాపించెను. ఈ పురుగు నడవడి వినదగినది. ఇది కంటికి ఆననంత సన్నని జీవి. ఆడపురుగు వేరునంటి రసము పీల్చి, ఆవగింజకంటె చిన్నదైన గుండ్రని సంచివలె ఉబ్బును. పచ్చని బంగారు వన్నె గల ఆ సంచి క్రమముగా గోధుమవన్నెకు తిరిగి గట్టిపడును. దానిలో వందలకొలది గ్రుడ్లుండును. తల్లి చచ్చినను ఆమె చర్మమే పిల్లలకు గాదె. ఆ గాదెలో గ్రుడ్లు ఏండ్లతరబడి చెడక నిదురించును. సమీపమున బంగాళాదుంప వేరు మొలచి దాని రసము నేలలో నూరినప్పుడే అవి మేలుకొనును. అప్పులవాడు పంట కల్లమునకు వచ్చినదాక ఓపిక పట్టినట్లు, ఈ పురుగు తన పైరు వచ్చువరకు వేచియుండును. కావున ఒకటి రెండేండ్లు దుంప మానినంత మాత్రమున నేల శుద్ధి కాదు.

దీనికి నిలుచు మొక్క యేది? తోట దుంపలలో అది అరుదు. దుంప పుట్టినిల్లైన దక్షిణ అమెరికా కొండలలో మాత్రము అడవిజాతులనేకము కలవు. వానిలో కొన్ని పురుగునకును, కొన్ని మంచునకును ఓర్చును. ఆ గుణమును తోట దుంపలోనికి తెచ్చుట యెట్లన్నదే స్వామినాథన్ గారి శోధన. ఇక్కడ చిక్కు కలదు. ప్రతి మొక్క కణములోను క్రోమోసోములను సన్నని పోగులుండును. వంశ గుణములను మోయునవి అవియే. తోట దుంపకు అవి 48. అడవిజాతులలో పెక్కింటికి 24 మాత్రమే. ఈ రెంటిని కలిపినచో పుట్టు సంతు తరచుగా గొడ్డువోవును. జోడు కుదరని ఎడ్లను ఒక కాడికి కట్టినట్లగును. పోగుల సంఖ్యను రెట్టింపు చేయు కోల్చిసీను అను విషపదార్థమును ఆ కాలపు శాస్త్రజ్ఞులు ఇట్టి చిక్కులలో వాడుచుండిరి. మన చేల కంచెలమీద ఎఱ్ఱగా పూయు అడవినాభి దుంపలోను ఆ విషమే కలదు. పిల్లలను దాని దరికి పోనీయరాదు.

స్వామినాథన్ గారు వాగెనింగెన్ నుండి కేంబ్రిడ్జికి పోయి, 1952లో దుంపజాతుల పోగులను గూర్చియే డాక్టరు పట్టము పొందిరి. పిమ్మట అమెరికాలో విస్కాన్సిను విశ్వవిద్యాలయమున కొంతకాలము పనిచేసి, 1954లో స్వదేశమునకు వచ్చిరి. వచ్చినంతనే వీరికి దుంపలమీద పని దొరకలేదు. కటకములోని వరి పరిశోధనా కేంద్రమున కొన్ని నెలలు వరి సంకరములు చేసి, ఢిల్లీకి పోయి గోధుమ పట్టిరి. నార్మన్ బోర్లాగు మెక్సికోలో తీసిన పొట్టి గోధుమలను మన నేలలలో పరీక్షించుట, 1966లో 18,000 టన్నుల విత్తనము దిగుమతి యగుట, పంజాబు మొదలగు చోట్ల గాదెలు నిండుట చదువరు లెఱిగినదే. దుంపమీద నేర్చిన విద్య గోధుమలో పనికివచ్చెను. వేతనమిచ్చినవారు గోధుమకని ఇయ్యలేదు సుమా!

మరియొక మాట చెప్పక తప్పదు. 1968 జనవరిలో, క్రొత్త గోధుమ పేరు దేశమంతట మ్రోగుచున్న దినములలోనే, వారణాసిలో జరిగిన శాస్త్రజ్ఞుల మహాసభలో స్వామినాథన్ గారు హెచ్చరిక చేసిరి. నేల సారమును కాపాడక పంటపై పంట లాగుట, మందులను విచక్షణ లేక చల్లుట, భూగర్భజలమును అడుగంట తోడుట, వేలయెకరములలో ఒకటి రెండు వంగడములనే వేయుట మున్ముందు హాని చేయునని వారి మాటల సారము. హాలండులో మార్పిడి తప్పిన చేల గతి కన్నులార చూచినవారికి ఆ భయము కలుగుటలో వింత లేదని మా యభిప్రాయము. ఆ హెచ్చరికను మనవంటివారు చెవిని పెట్టియుండిన, నేడు మన బోరుబావులలో కొన్ని ఎండక యుండెడివి. వీరు 2023 సెప్టెంబరులో దివంగతులైరి. 2024లో భారతరత్న బిరుదము ప్రకటింపబడెను.

హాలండు పురుగు మనదేశమునకు రాలేదనుకొందురేమో. 1961లో నీలగిరి కొండల బంగాళాదుంప చేలలో దానిని కనుగొనిరి. పిదప దానికి తట్టుకొను కుఫ్రీ స్వర్ణ మున్నగు వంగడములను తీయవలసివచ్చెను.

చెరకు పెట్టు సభ్యులకు జానకి అమ్మాళ్ గారి కథ మరింత దగ్గర. వీరు 1897లో మలబారు సీమయందు తలచేరిలో పుట్టిరి. చెన్నపట్టణమున అధ్యాపకురాలుగా నుండగా, ఆసియా స్త్రీల చదువునకై బార్బరు అను దాత అమెరికాలో మిచిగాను విశ్వవిద్యాలయమున నెలకొల్పిన వేతనము వీరికి దొరకెను. 1931లో అక్కడ డాక్టరు పట్టము పొందిరి. వారు పట్టిన మొక్క యేది? నికాండ్ర యను, వంగ కుటుంబపు పూలమొక్క. దాని కాయ కూరకు రాదు. అయినను ఆ మొక్కమీదనే సూక్ష్మదర్శినిలో పోగులను లెక్కించు నేర్పు కుదిరినది. 1934లో ఆ నేర్పుతో కోయంబత్తూరు చెరకు పరిశోధనాలయమున చేరిరి.

గోదావరి లంకలలో రెల్లు పెరుగుట మన మెఱుగుదుము. ఇంటి కప్పునకు తప్ప దానిని లెక్కచేయము. ఆ రెల్లు చెరకునకు జ్ఞాతి. దానికి తీపి లేదు గాని, నీటి యెద్దడికిని తెగుళ్లకును ఓర్చును. తీపి చెరకును రెల్లుతో కలిపి కోయంబత్తూరువారు తీసిన కో 205 అను చెరకు 1918లో ఉత్తర దేశపు చేలకు పోయెను. పిదపవచ్చిన కో చెరకులలో పెక్కింటిలో రెల్లు నెత్తురున్నది. ఊరూరి రెల్లులో పోగుల సంఖ్య వేరువేరుగా నుండుటను జానకి అమ్మాళ్ గారు పరిశీలించిరి. ఏ రెల్లు ఏ చెరకుతో కలియునో తెలియుటకు అది ఆధారము. చెరకును మొక్కజొన్నతో సైతము సంకరము చేసిరి. ఆ సంకరము నుండి మన తోటలకు చెరకు రాలేదు. ఇట్టివి రాకపోవుటయు ఈ వృత్తిలో ఒక భాగమే. 1945లో డార్లింగ్టనుతో కలిసి సాగుమొక్కల పోగుల లెక్కలన్నిటిని ఒక గ్రంథముగా ప్రకటించిరి. విత్తన పరిశోధకుల బల్లమీద అది చిరకాలము నిలిచినది.

మొక్కజొన్న యనగా బార్బరా మెక్‌క్లింటాకు అను అమెరికా వనిత జ్ఞప్తికి వచ్చును. 1931లో అక్కడి జాతీయ పరిశోధక మండలి వేతనమును, 1933లో మరియొకటియు పొందిరి. కంకిలో కొన్ని గింజలకు మచ్చలెందుకు పడునన్నది వారిని జీవితమంతయు పట్టిన ప్రశ్న. వంశగుణములు పోగులలో ఒకచోట నుండి మరియొక చోటికి దుముకునని 1940ల నాటికి కనుగొనగా నమ్మినవారు స్వల్పము. 1983లో, ఎనుబదియొక్క యేండ్ల వయస్సున నోబెలు బహుమానము వచ్చెను.

తెలుగువారిలో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకొనవలెను. వీరు వైద్యులు. అమెరికా ప్రయాణమునకు కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ తోడ్పడుదుమని మాట యిచ్చెను. హార్వర్డులో ఫిస్కు అను ఆచార్యునితో కలిసి నెత్తురులోని భాస్వరమును నీలిరంగు వలన కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. నేడు మన మట్టి పరీక్షలో భాస్వరపు పాలు తేల్చుటకు వాడు పద్ధతులును ఆ నీలిరంగు సూత్రముపైననే నడచుచున్నవి. మట్టి పరీక్ష చీటిలో భాస్వరము ఎక్కువయని వచ్చినను డి.ఏ.పి. బస్తా మానని వారు మనలో కలరు. అది వేరు కథ.

దూరదేశపు మాటలు చాలునందురా? మనము తినునది సాంబ మసూరి. బాపట్లలో తీసిన బి.పి.టి. 5204 అది. దానికి బాక్టీరియా వలన వచ్చు ఆకు ఎండు తెగులు శత్రువు. హైదరాబాదులోని కణజీవశాస్త్ర కేంద్రమును, వరి పరిశోధనా సంచాలనాలయమును కలిసి, బియ్యపు నాణ్యము చెడకుండ తెగులునకు నిలుచు సాంబ మసూరిని తీయగా 2008లో విడుదలయ్యెను. అందు చేర్చిన మూడు గుణములలో ఒకటి ఆఫ్రికా దేశపు అడవి వరినుండి వచ్చినది. ఆ అడవి వరి గింజలు కంకినుండి రాలిపోవును, తిండికి లెక్కకు రావు. ఎవరో దానిని పెంచి, తెగులు అంటించి, చావక నిలుచుట చూడకున్నచో, ఆ గుణము మన మడికి వచ్చియుండునా?

ఇక మన అమ్మాయి సంగతి. ఆమె పట్టినది నీలగిరి పురుగు కాదు, వేరుముడి పురుగు. దీని సంసారము మరియొక తీరు. టమాటా, వంగ, బెండ, మిరప వేళ్లపై ముడులు కట్టి, మొక్కను పగలు వాడజేయును. నీరు చాలలేదనుకొని మరల నీరు పెట్టుదుము. ఈ పురుగు బంతి వేళ్లయొద్ద తగ్గుననుట మీలో కొందరి యనుభవములోనిదే. శాస్త్రజ్ఞులును దానినే చెప్పుదురు. ఏ వేరు ఎందువలన లొంగదో తెలిసినచో, ఆ గుణమును టమాటాలోనికి తెచ్చు దారి వెదకవచ్చును. దొరకునని ఆమె మాట యియ్యలేదు, మేమును ఇయ్యము.

ఆమె అడిగిన బదులు సొమ్ము ఒక బోరు మోటారు మరమ్మతు ఖర్చుకంటె తక్కువ. తీర్మానము వచ్చు సభలో మరల చర్చకు వచ్చును. ఆలోగా ఆమెకు మన యూరి చేల మట్టి కావలెనట. మొక్క వాడిన చోట, మొదటికి జానెడు దూరములోపల, పైపొర తీసివేసి ఆరునుండి ఎనిమిది అంగుళముల లోతున మట్టిని, కొన్ని పిల్ల వేళ్లతో సహా తీయవలెను. ఒక చేనిలో ఐదారుచోట్ల తీసి కలిపి, శేరు మట్టి చాలును. ఎండకు ఆరనీయరాదు, ఆరినచో పురుగు చచ్చి పరీక్ష వ్యర్థమగును. సంచి మూతి కట్టి, చేని పేరును, గడచిన మూడేండ్లు వేసిన పైరులను చీటిపై వ్రాసి లోపల నుంచి, సంఘ కార్యాలయమున నీడపట్టున ఇచ్చిపోవలెను. ఆ దినమున మొదట నవ్విన వృద్ధ సభ్యులే నిన్న తమ టమాటా మడి సంచిని తెచ్చి యిచ్చిరి.