చుట్టాలొచ్చిన ప్రతిసారీ సముద్రం వాయిదా

సమస్య:

మాది తిరుపతి. మా ఆయన ప్రభుత్వ ఉద్యోగి. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. పిలకాయలు ఇద్దరు, అత్త మాతోనే ఉంటుంది. రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చినప్పుడు మైపాడు పోయి సముద్రం చూసొద్దామని ఏడాదిగా అనుకుంటున్నాం. ప్రతిసారీ గురువారమో శుక్రవారమో ఫోనొస్తుంది. ‘శనివారం దర్శనానికి టికెట్లున్నాయి, రాత్రికి మీ ఇంటికొస్తాం’ అంటారు. మా ఆయన కాదనలేడు. ‘ఏడుకొండలవాడి దగ్గరికి వచ్చేవాళ్లను వద్దనేదెట్లా?’ అంటాడు. పోయిన నెల సంచులు సర్దుకున్నాక ఆగిపోయాం. చిన్నది అన్నం తినకుండా పడుకుంది. నేను మాత్రం తెల్లవారుజామునే లేచి, కొండకు పోయేవాళ్లకు చిత్రాన్నం, పెరుగన్నం కట్టిచ్చాను.

పోనీ, పోతే మాత్రం నాకేం సుఖం? ఒకసారి ఆడబిడ్డ వాళ్లతో మద్రాసు బీచికి పోయాం. అందరూ నీళ్లలో ఆడుకుంటుంటే నేను సంచులు, చెప్పులు కాపలా కాస్తూ కూర్చున్నాను. నా కాళ్లకు తడే తగల్లేదు. మా అత్తది పీలేరు దగ్గర పల్లె. సముద్రం చూడనే లేదు. అయినా ‘పౌర్ణమికో అమావాస్యకో తప్ప సముద్రాన్ని తాకకూడదు’ అంటుంది. చుట్టాలంటే నాకు ఇష్టమే. ఇట్లా అడగడం స్వార్థమేమోనని మనసు పీకుతోంది.

– ఒక సోదరి, తిరుపతి

సలహా:

స్వార్థం కాదమ్మా. ఆగిపోయిన ప్రయాణం కంటే, జరిగిన ఆ ఒక్క ప్రయాణమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. వంట చేసి, మోసుకెళ్లి, వడ్డించి, చివరికి చెప్పులకు కాపలా ఉన్న మనిషికి అది సెలవెట్లా అవుతుంది? అందుకే ఎప్పుడు పోవాలనే దాంతోపాటు ఎట్లా పోవాలో కూడా మీరు ఇంట్లో తేల్చుకోవాలి.

ముందు చుట్టాల సంగతి. తిరుపతిలో కాపురమంటే సగం సత్రం నడపడమే. ఆ పుణ్యం మీ ఇంటికి ఉండనీ. కానీ మూడు వందల రూపాయల దర్శనం టికెట్లను టీటీడీ సుమారు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో ఇస్తుంది. అంటే మీకు గురువారం ఫోన్ చేసిన వాళ్లకు ఆ తేదీ ఎప్పుడో తెలుసు. మీకు చెప్పడమే ఆలస్యం చేశారు. కాబట్టి ‘టికెట్ బుక్ చేసిన రోజే మాకు చెప్పండి’ అని అడగడంలో తప్పేమీ లేదు. అది అడగాల్సింది మీరు కాదు, మీ ఆయన. కోడలు అడిగితే అది మాటపడే విషయమవుతుంది. కొడుకు అడిగితే మామూలు మాటగా సాగిపోతుంది.

అప్పటికీ ఎవరైనా ఆ శనివారమే వస్తే ఇంటి తాళం పక్కింట్లో ఇచ్చి మీరు బయల్దేరండి. కావాలంటే వాళ్లు దిగడానికి టీటీడీ వసతి గృహాలున్నాయి: రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం ఉంది, బస్టాండు దగ్గర శ్రీనివాసం ఉంది. లక్షల మంది అట్లాగే వచ్చి స్వామిని చూసి పోతున్నారు. మీరు ఇంట్లో లేనంత మాత్రాన ఎవరి దర్శనమూ ఆగదు.

ఇక అత్తగారు. సముద్రస్నానం పర్వదినాల్లోనే చేయాలన్నది మన పెద్దల నమ్మకం. దాంతో వాదన పెట్టుకోకండి. ‘నువ్వూ రా అత్తా, స్నానం చేయొద్దులే, ఒడ్డున కూర్చొని చూద్దువు’ అనండి. చూడకూడదని ఎవరూ అనలేదు కదా. మాఘ పౌర్ణమి వారాంతంలో పడిన ఏడు ఆమె కోరిక ప్రకారమే పోవచ్చు. అప్పటికి ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు వెనకబడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం ఈ తీరానికి పోయే పని పెట్టుకోకండి. ఇంకొక మాట. పౌర్ణమి, అమావాస్యలకు సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలోకి రావడంతో సముద్రం పోటు మామూలు రోజులకంటే ఎక్కువగా ఉంటుంది. ఆ రోజు ఆమెను నీళ్లలోకి దింపకుండా, గట్టున కూర్చోబెట్టి చెంబుతో నీళ్లు పోయండి.

మైపాడే మంచిది. నెల్లూరు మీకు సుమారు 130 కిలోమీటర్లు, అక్కడి నుంచి మైపాడు పాతిక కిలోమీటర్ల లోపే. శనివారం మధ్యాహ్నం బయల్దేరి రాత్రికి నెల్లూరులో దిగండి. ఆదివారం చీకటితోనే లేచి తీరానికి పోండి. మన తూర్పు తీరంలో సూర్యుడు నీళ్లలోంచే పైకొస్తాడు. ఎండ ముదిరేలోపు ఇసుక కాలకుండా తిరిగొచ్చేయొచ్చు. స్వామివారి శనివారం ఎట్లాగూ అయిపోతుంది, కాబట్టి చేపలు తినే ఇల్లైతే ఆదివారం నెల్లూరు చేపల పులుసు అక్కడే హోటల్లో తినండి. ఇంటి నుంచి వంట కట్టుకుపోవడం మాత్రం వద్దు. నీళ్ల సీసాలు, అత్తగారి మందులు చాలు.

పిలకాయలకు వాకాడు మండలంలోని తూపిలిపాలెం తీరం కూడా ఒకసారి చూపించండి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డప్పుడు ఆ మండలం తిరుపతి జిల్లాలోకి వచ్చింది, దాంతోపాటే ఆ తీరమూ వచ్చింది. తిరుచానూరు, శ్రీకాళహస్తి మీదుగా పోయే మన స్వర్ణముఖి, వాకాడు బ్యారేజీ దాటాక బంగాళాఖాతంలో కలుస్తుంది. వాళ్లు రోజూ చూసే ఏరు చివరికి ఎక్కడికి పోతుందో కళ్లతో చూస్తారు. అయితే ఏరు సముద్రంలో కలిసే చోట నీళ్లలోకి దిగనివ్వకండి, ప్రవాహం ఎటు లాగుతుందో తెలియదు.

ఎక్కడికి పోయినా పిల్లలు మోకాలి లోతు దాటకూడదు, పెద్దవాళ్లలో ఒకరు వాళ్ల మీదే కన్నుంచాలి. అలల మధ్య ఒకచోట నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తే అదే లోపలికి లాగే దారి కావచ్చు. అందులో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డు వెంబడి పక్కకు ఈది బయటపడాలి. ఇది మీ ఆయనకు, పెద్దబిడ్డకు ముందే చెప్పి ఉంచండి.

సంచుల దగ్గర కాపలా మాత్రం వంతులవారీగా ఉండాలి. మొదటి వంతు మీ ఆయనది. ఆ సేపు మీరు పిలకాయల చేయి పట్టుకొని నీళ్లలోకి నడవండి.

తిరుపతిలో చుట్టాలున్న పాఠకులందరికీ ఒక మనవి. దర్శనం టికెట్ చేతికి రాగానే, ఆ రోజే వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి. ‘మీకు అప్పుడు వీలవుతుందా?’ అని కూడా అడగండి.