సంత ముగిసిన తరువాత పలికిన ధర

తెలుగు పరీక్షలో సందర్భసహిత వ్యాఖ్య వ్రాయునపుడు, ఆ మాట ఎవరు, ఎవరితో, ఏ సందర్భమున అనిరో చెప్పనిదే మార్కులు రావని విద్యార్థులెల్లరు ఎరుగుదురు. షేరు ధరలను చదువుటకును ఈ నియమమే వర్తించునని మేము తలంచుచున్నాము. నేడు సెల్‌ఫోను తెరపై అమెరికా షేర్ల ధరలు అర్ధరాత్రి సైతము కనబడుచున్నవి. బజారు మూసిన పిమ్మట ధర పెరిగినదని చూచి, అప్పు చేసియైనను కొనగోరు యువకులు లేకపోలేదు. కావున ఆ అంకెల అర్థమును విచారింతము.

న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజి, నాస్‌డాక్‌లలో ప్రధాన వ్యాపార వేళ, అచటి కాలమానము ప్రకారము, ఉదయము 9-30 నుండి సాయంత్రము 4 గంటల వరకు. బజారు ముగియునప్పటికి మనకు వేసవిలో రాత్రి 1-30, చలికాలమున 2-30 అగును. ఆ పిమ్మట అచటి రాత్రి 8 గంటల వరకు ఎలక్ట్రానిక్ పద్ధతిన బేరములు సాగును. పూర్వము ఇవి పెద్ద సంస్థలకే పరిమితమై యుండెను. 1999 ప్రాంతమున సామాన్యులకును అందుబాటులోనికి వచ్చినవి.

పగటి బజారు నిండు సంత వంటిది. కొనువారు, అమ్మువారు పెక్కుమంది ఉందురు గనుక ధరకు కొంత నిలుకడ యుండును. సంత విడిచిన తరువాత చెట్టు క్రింద ఇద్దరు కుదుర్చుకొన్న ధరను సంత ధర యనలేము. పగలు 100 డాలర్లకు ముగిసిన షేరును ఆ వేళ అమ్మువాడొక్కడే 104కు ఇచ్చెదననినచో, పది షేర్ల బేరముతోనే ధర 4 శాతము పెరిగినట్లు తోచును. అందుచేతనే బ్రోకర్లు ఆ వేళ సాధారణముగా ధర నిర్దేశించిన ఆర్డర్లనే స్వీకరింతురు.

నాలుగు గంటల తరువాత కనబడు పెద్ద బేరమెల్ల రహస్య సమాచారమునకు సూచన కాదు. అది ముగింపు వేలములో కుదిరినది కావచ్చును. పగలే జరిగి ఆలస్యముగా నమోదైనదియు కావచ్చును.

అట్లని ఆ ధరలన్నియు వ్యర్థములని భావింపరాదు. పెక్కు కంపెనీలు తమ త్రైమాసిక ఫలితములను బజారు మూసిన పిదపనే ప్రకటించును. 2022 ఫిబ్రవరి 2న మెటా కంపెనీ ఫలితములు వెలువడగా, షేరు ఆ సాయంత్రమే 20 శాతమునకు పైగా పడినది. మరునాడు బజారులో 26 శాతము నష్టముతో ముగిసినది. ఇచట సాయంత్రపు ధర రేపటి ధరకు ముందుగుర్తు అయినది.

2024 ఫిబ్రవరి 13న లిఫ్ట్ కంపెనీ విషయము వేరు. లాభపు నిష్పత్తి 50 బేసిస్ పాయింట్లు, అనగా అర శాతము, పెరుగునని ఉండవలసిన ప్రకటనలో 500 అని పడినది. ఒక్క సున్న ఎక్కువైనందుకు షేరు 60 శాతమునకు పైగా ఎగసినది. తప్పు సవరింపబడగానే చాలవరకు దిగినది. ఫలితములు బాగుండుటచే మరునాడు షేరు 35 శాతము లాభముతోనే ముగిసినను, శిఖరమున కొన్నవారికి నష్టమే మిగిలినది.

కావున విద్యార్థులు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఎన్ని షేర్లు చేతులు మారినవి? ధరను కదలించిన వార్త యేది, దాని మూల ప్రకటనను మనము స్వయముగా చదివితిమా? బేరము నిజముగా ఆ వేళనే జరిగినదా? వీనికి సమాధానము దొరకనంతవరకు ఆ అంకె సందర్భము తెలియని వాక్యమే. అట్టి వాక్యమునకు వ్యాఖ్య తప్పు వ్రాసినచో పోవునవి మార్కులే. ఇచట పోవునది ఫీజు కట్టుమని తల్లిదండ్రులు పంపిన సొమ్ము.