ఇంటి ఈగ – ఇసుక ఈగ

రెండూ ఈగలే. కాని వాటి నివాసం వేరు, హాని చేసే తీరు వేరు. కనుక జాగ్రత్తలు కూడా వేరు.

ఇంటి ఈగ: పేడకుప్పల్లో, చెత్తలో గ్రుడ్లు పెడుతుంది. పగటిపూట తిరుగుతుంది. ఇది కుట్టదు. మలం మీద వాలిన కాళ్ళతోనే అన్నం మీద వాలి విరేచనాలు, టైఫాయిడ్ వంటి రోగాలను వ్యాపింపజేస్తుంది. ఆహారంపై మూత పెట్టండి. చెత్తను ఇంటికి దూరంగా వేయండి.

ఇసుక ఈగ: దోమకంటే చిన్నది, సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటుంది. పేరులో ఇసుక ఉన్నా, మన ఊళ్ళలో మట్టిగోడల పగుళ్ళలో, పశువుల పాకల్లో, చీకటిగా తేమగా ఉన్నచోట దాగి ఉంటుంది. ఎక్కువగా రాత్రివేళ కుడుతుంది. రక్తం త్రాగేది ఆడ ఈగ మాత్రమే. చండీపుర వైరస్‌ను వ్యాపింపజేసేది ఈ ఈగే. 2003లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు రాగా 183 మంది మరణించారు. ఆ వ్యాధికి ఈ వైరసే కారణమని పరిశోధకులు గుర్తించారు.

ఏం చేయాలి?
• గోడల పగుళ్ళను పూడ్చండి. పాకను శుభ్రంగా ఉంచండి.
• పిల్లలను బాగా సన్నని రంధ్రాలున్న తెరలో పడుకోబెట్టండి. మామూలు దోమతెర రంధ్రాల గుండా ఈ ఈగ దూరగలదు.
• పిల్లలకు హఠాత్తుగా జ్వరంతోపాటు వాంతులు, ఫిట్స్, మగత కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. కొద్ది గంటల్లోనే పరిస్థితి విషమించవచ్చు.