మొత్తం ఎంతవుతుందని అడుగమ్మా

విజయవాడ

బుజ్జమ్మా,

వీసా వచ్చిందని అక్కయ్య ఫోన్ చేసిన రోజు మీ అత్తయ్య పరమాన్నం వండి వీధిలో నాలుగిళ్లకు పంచింది. ఆగస్టు రెండో వారంలో చదువు కోసం డాలస్ ప్రయాణమని, ఈలోగా డాలర్లు ఎక్కడ చౌకగా దొరుకుతాయోనని తిరుగుతున్నావని కూడా అక్కయ్యే చెప్పింది. ఫోన్లో కనబడే డాలరు ధరకీ కౌంటరులో చెప్పిన ధరకీ రూపాయిన్నర తేడా ఉంది, ఇది మోసమా మామయ్యా అని నిన్న అడిగావు. పద్నాలుగేళ్లు బ్యాంకులో విదేశీ మారకం సీట్లో కూర్చున్నవాణ్ణి. రెండు ముక్కల్లో చెబితే సగం మరిచిపోతావని ఉత్తరం రాస్తున్నాను. మీ నాన్నకు కూడా చదివి వినిపించు. బావగారికి మిర్చి ధర పైసలతో సహా తెలుసు గానీ ఈ బేరం ఆయనకు కొత్త.

మోసం కాదమ్మా. ఫోన్లో నువ్వు చూసేది బ్యాంకులు తమలో తాము కోట్లలో కొనుక్కునే ధర. గుంటూరు యార్డులో లారీ లెక్కన అమ్మే ధరకు వీధి చివర కొట్లో పావుకిలో మిరపకాయలు ఇవ్వరు కదా, ఇదీ అంతే. పైగా నోట్లంటే విమానంలో తేవాలి, బీమా కట్టాలి, ఇనప్పెట్టెలో దాచాలి. అందుకే ఒకే రోజు, ఒకే చోట డాలరుకు మూడు ధరలుంటాయి. బ్యాంకు నుంచి బ్యాంకుకు పంపే టీటీ రేటు సాధారణంగా అన్నిటికంటే తక్కువ, ఫారెక్స్ కార్డులో వేసే రేటు దాని తర్వాత, చేతికిచ్చే నోటు రేటు అన్నిటికంటే ఎక్కువ. బోర్డు మీద రెండు వరసలు కనబడితే పెద్ద అంకె వాళ్లు మనకు అమ్మే ధర, చిన్నది మన దగ్గర కొనే ధర. ఆ రెండిటి మధ్య ఎడం ఎంత ఎక్కువుంటే వాళ్ల లాభం అంత ఎక్కువ. విమానాశ్రయం లోపలి కౌంటర్లో ఆ ఎడం ఒకసారి గమనించు, అక్కడ ఎందుకు కొనొద్దంటున్నానో నీకే తెలుస్తుంది.

రేటు ఒక్కటే చూసుకుని మురిసిపోయిన వాళ్లను నా సీటు ముందు చాలామందిని చూశాను. బంగారం కొట్లో గ్రాము ధర తగ్గించి తరుగులోనూ మజూరీలోనూ లాగేసినట్టే ఇక్కడా జరుగుతుంది. నీకు 2,000 డాలర్లు కావాలనుకో. ఒకచోట 91 రూపాయల 60 పైసలు అన్నారు, పై ఖర్చులేవీ లేవన్నారు. ఇంకోచోట 91 రూపాయల 30 పైసలే అన్నారు, సర్వీసు ఛార్జి 750 అన్నారు. వినగానే రెండోదే చౌక అనిపిస్తుంది. లెక్క వేస్తే మొదటిది 1,83,200. రెండోది 1,82,600కు 750 కలిపి, ఆ ఛార్జి మీద జీఎస్టీ 135 కలిపితే 1,83,485. కరెన్సీ మార్చినందుకు ప్రభుత్వానికి కట్టే జీఎస్టీ రెండు చోట్లా ఒకటే, ఈ మొత్తానికి సుమారు 255 రూపాయలు పడుతుంది. కాబట్టి రేటెంత అని అడగకు. ‘నాకు 2,000 డాలర్లు కావాలి, అన్నీ కలిపి నా ఖాతాలోంచి ఎంత పోతుంది?’ అని అడుగు. ఒకే గంటలో మూడు చోట్లకు ఫోన్ చేసి ఇదే మాట అడిగి కాగితం మీద రాసుకో. పొద్దున ఒకరిని, సాయంత్రం ఒకరిని అడిగితే ఆ పోలిక పనికిరాదు, మధ్యలో మార్కెట్టే మారిపోతుంది. తక్కువ చెప్పినవాళ్ల మాట మిగతా ఇద్దరికీ చెప్పు. పది ఇరవై పైసలు దిగుతారు. బేరమాడటానికి మొహమాటపడకు, అక్కడ అందరూ ఆడతారు. శని ఆదివారాల్లో మాత్రం కొనకు. మార్కెట్ మూసి ఉంటుంది కనుక సోమవారం ధర ఎటు పోతుందోనని కాస్త పైకే వేసుకుంటారు.

ఇక ఎప్పుడు కొనాలన్నది. ఈ ప్రశ్నకు జవాబు తెలిసినవాళ్లు నాకింతవరకు కనబడలేదు. 2013 మే నెలలో గుడివాడ వైపు నుంచి ఒక పెద్దాయన కొడుకు ఫీజు కట్టడానికి మా బ్రాంచికి వచ్చాడు. డాలరు అప్పుడు 54 రూపాయల చిల్లర. కొన్ని నెలల కిందట ఇంకా తక్కువ ఉండేదట, మళ్లీ తగ్గుతుందిలే, ఆగుతానన్నాడు. జూన్‌లో 60 తాకింది. ఆగస్టు 28న 68 దాటింది. ఆ వారంలోనే ఆయన మళ్లీ వచ్చాడు. గడువు దగ్గర పడింది, కట్టక తప్పలేదు. ఫారం మీద సంతకం పెడుతుంటే ఆయన చెయ్యి వణికింది. అదే రోజు మరొకాయన, 75కు పోతుందని ఎవరో చెబితే భయపడి, మరుసటి ఏడాది ఫీజుకు కావలసిన డాలర్లు కూడా కార్డులో వేయించుకున్నాడు. అక్టోబరుకల్లా డాలరు 62 దరిదాపులకు దిగొచ్చింది. ఆశతో ఆగినాయనా, భయంతో ఎగబడినాయనా ఇద్దరూ నష్టపోయారు.

2025 డిసెంబరులో డాలరు 90 దాటిందన్నప్పటి నుంచి మీ ఇంట్లో ఇదే చర్చ అని నాకు తెలుసు. మీ నాన్నకు నా మాటగా చెప్పు, కావలసిన మొత్తాన్ని మూడు భాగాలు చేయండి. ఒక భాగం ఇప్పుడు, ఒకటి జులైలో, ఒకటి ప్రయాణానికి వారం ముందు కొనండి. మరీ చౌకగానూ దొరకదు, మరీ ప్రియంగానూ పడదు. ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచే విదేశీ డబ్బు కొనుక్కోవచ్చని నిబంధన ఉంది కనుక ఆ లెక్క కూడా చూసుకోండి.

ఫీజు సంగతి వేరు. అది పెద్ద మొత్తం, దాని మీదే అసలైన ఆదా. 15,000 డాలర్లకు అర్ధ రూపాయి తగ్గితే 7,500 మిగులుతుంది. ఫీజు టీటీ ద్వారా నేరుగా యూనివర్సిటీకి పంపించండి. మన ఖాతా ఉన్న బ్యాంకే కదా అని మొదట చెప్పిన రేటుకు ఒప్పుకోవద్దు. మేనేజరును కలిసి రేటు తగ్గించమని అడగండి, ఆ అధికారం వాళ్లకు కొంత ఉంటుంది. పంపేటప్పుడు దారిలో బ్యాంకుల ఖర్చులు ఎవరివని ఫారంలో అడుగుతారు. మావే అని రాయండి. లేకపోతే మధ్య బ్యాంకు పదిహేనో ఇరవయ్యో డాలర్లు కోసుకుని మిగతాది చేరవేస్తుంది, ఫీజు తక్కువ పడిందని యూనివర్సిటీ వాళ్లు నీ రిజిస్ట్రేషన్ ఆపేయవచ్చు.

ఒక ఏడాదిలో ఒకరి పాన్ మీద పంపింది 10 లక్షలు దాటితే, పైమొత్తానికి టీసీఎస్ అనే పన్ను కింద బ్యాంకు కొంత పట్టుకుంటుంది. బ్యాంకు విద్యారుణం సొమ్ముకు అది లేదు. మీ నాన్న సొంతంగా పంపే భాగానికి పట్టుకుంటే ఆ డబ్బు పోయినట్టు కాదు. కానీ వ్యవసాయదారుణ్ణి, నాకు ఆదాయపు పన్ను రిటర్న్ ఎందుకని ఆయన ఊరుకుంటే అది వెనక్కి రాదు. ఈ ఒక్క ఏడాదీ రిటర్న్ వేయించే పూచీ నీదే.

చేతిలో నోట్లు ఎన్నుండాలి? ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల దాకా నోట్లు ఇస్తారు. నీకు అంత వద్దు. 800 చాలు. అన్నీ వందలే తీసుకోకు. అక్కడ చిన్న కొట్లలో వంద నోటు చాలాచోట్ల తీసుకోరు. ఇరవైలు, పదులు, ఐదులు, కొన్ని ఒంటి డాలర్లు అడిగి తీసుకో. కౌంటర్ దగ్గరే నిలబడి లెక్కపెట్టుకో. చిరిగినవీ, గీతలున్నవీ అక్కడికక్కడే మార్పించుకో. రసీదు పాస్‌పోర్టుతో పాటు ఉంచు.

మిగతాది ఫారెక్స్ కార్డులో వేసుకో. వేసిన రోజు రేటే దానికి ఖాయం, తర్వాత రూపాయి పడినా నీకు బెంగ లేదు. అమెరికాలో ఖాతా తెరిచేదాకా అదే నీకు ఆధారం. డాలర్ కార్డును దారిలో విమానం మారే దోహాలో రియాళ్లకు గీకితే మళ్లీ మారకపు ఖర్చు పడుతుంది, అక్కడ నీళ్ల సీసాకు చేతి డాలర్లే ఇవ్వు. ఇక్కడి క్రెడిట్ కార్డు ఆపద కోసం దగ్గర పెట్టుకో. చాలా కార్డుల మీద విదేశంలో ఖర్చుకు రెండు నుంచి మూడున్నర శాతం దాకా, దాని మీద జీఎస్టీ వేస్తారు. దాన్ని గీకినప్పుడు మెషీన్ ‘రూపాయల్లో కడతారా, డాలర్లలో కడతారా’ అని అడిగితే డాలర్లే నొక్కు. మీ వదిన పురుడుకు న్యూజెర్సీ వెళ్లినప్పుడు, రూపాయలైతే మనకు తెలుస్తుంది కదా అని మీ అత్తయ్య అది నొక్కింది. ఇంటికొచ్చి లెక్క చూస్తే ఆ ఒక్క బిల్లు మీదే ఆరు శాతం అదనంగా పోయింది. మన డబ్బు పేరు కనబడేసరికి మనసు అటు మొగ్గుతుంది, ఆ మెషీన్ పెట్టినవాళ్లకు ఆ సంగతి తెలుసు.

ఇప్పుడు ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం చెబుతాను. అక్కడికెళ్లే మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక బేరం నడుస్తుంది. ‘నాకు ఇంటికి రూపాయలు పంపాలి, నీకు ఇక్కడ డాలర్లు కావాలి. మీ నాన్నను ఖమ్మంలో మా నాన్న ఖాతాలో రూపాయలు వేయమను, నేను నీకు ఇక్కడ డాలర్లు వేస్తాను, ఇద్దరికీ రూపాయిన్నర కలిసొస్తుంది.’ వినడానికి పక్కింటివాళ్లతో పంచదార బదులు తెచ్చుకున్నంత సులువుగా ఉంటుంది. అడిగేది కూడా మన భాష మాట్లాడే, మన ఊళ్ల పిల్లవాడే అయి ఉంటాడు. దానిలోకి నువ్వు వెళ్లొద్దు తల్లీ. అధీకృత సంస్థ ద్వారా తప్ప విదేశీ మారకం లావాదేవీ చేయకూడదని ఫెమా చట్టం చెబుతోంది. జరిగిన మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా వేయవచ్చు. చట్టం దాకా కూడా పోనక్కర్లేదు. నాకు తెలిసిన ఒక కుటుంబంలో ఈ బేరం రెండోవైపు నడిచింది. అబ్బాయి అక్కడ డాలర్లిచ్చాడు, ఇక్కడ తండ్రి ఖాతాలో రూపాయలు పడ్డాయి. ఆ రూపాయలు సైబర్ మోసగాళ్ల చేతుల మీదుగా వచ్చినవి. ఎక్కడో వేరే రాష్ట్రంలో కేసు పెడితే ఈయన ఖాతా స్తంభించింది. పింఛను పడే ఖాతా అది. నాలుగు నెలలు ఆయన మందులకు చేబదుళ్లు చేశాడు. డాలర్లు పుచ్చుకునే వైపున్న నీకూ ఇదే ప్రమాదం. ఎవరో తెలియనివాళ్ల డబ్బు నీ ఖాతాలో పడితే అక్కడి బ్యాంకు ఖాతా మూసేయగలదు. వీసా మీద ఉన్న పిల్లవు, సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరమే నీకు రాకూడదు.

1970ల తొలినాళ్లలో అమెరికా వెళ్లిన మనవాళ్లు చేతిలో 8 డాలర్లతో విమానమెక్కామని చెప్పేవారు. ప్రభుత్వం అంతకు మించి ఇచ్చేది కాదు. ఆ రోజుల్లో దొంగచాటుగా కొన్నవాళ్లకు ఒక కారణమైనా ఉండేది. ఇప్పుడు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా చట్టబద్ధంగా పంపుకోవచ్చు. రూపాయిన్నర కోసం చీకటి దారి పట్టవలసిన గతి మనకు లేదు. డబ్బుకు ఇబ్బందైతే నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

మొదటి భాగం కొనడానికి వచ్చే మంగళవారం రండి. రిజర్వు బ్యాంకు లైసెన్సు గోడకు వేలాడే చోట్లు మూడు చూసి ఉంచాను, నేనూ తోడొస్తాను. పాస్‌పోర్టు, వీసా, టికెట్టు, యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20, పాన్ కార్డు తెచ్చుకో. 50,000 దాటితే నగదు తీసుకోరు, నీ ఖాతాలోంచే కట్టాలి కనుక సోమవారానికల్లా డబ్బు అందులో ఉండేలా మీ నాన్నకు చెప్పు. పదిన్నరకు బెంజ్ సర్కిల్ దగ్గర ఉంటాను.

ఇట్లు,
మామయ్య